బొంత వెనక మూల

పద్దెనిమిదో సూదికి దారం ఎక్కడం లేదు. శ్రీనిధి దారం కొసను పెదాల మధ్య తడిపి, వేళ్లతో నలిపి, కిటికీ వైపు తిరిగి మళ్లీ గురి చూసింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ ఇంట్లోకి పొద్దుటి వెలుతురు వచ్చేది ఆ ఒక్క కిటికీలోంచే. అదీ ఎదురింటివాళ్ల నీళ్ల ట్యాంకు నీడ అడ్డం పడేదాకానే. ఆలోగా ఇరవై అయిదు సూదులకూ దారాలు ఎక్కించి, దూది కుక్కిన గుడ్డ ఉండకు వరసగా గుచ్చి పెట్టాలి. లేకపోతే ఆ రోజంతా పెద్దావిడ నోటికి అడ్డు ఉండదు.

"అయినయా?" అంది విద్యావతి మంచం మీంచి.

"ఇంక ఎనిమిదున్నయి పెద్దమ్మా."

"నీ వయసుల నేను కండ్లు మూసుకొని ఎక్కించేదాన్ని."

"నిన్న గూడ అదే అన్నరు."

"రేపు గూడ అంట. జల్ది కానియ్యి."

విద్యావతికి డెబ్బై తొమ్మిదేళ్లు. నాలుగేళ్లుగా చూపు నడిమధ్యలో మసక. ఎదురుగా ఉన్న మనిషి చెవులూ జుట్టూ తెలుస్తాయిగాని ముఖం కనిపించదు. అయినా రోజూ బొంత ఒళ్లో వేసుకుని, వేళ్లతో తడుముకుంటూ, ఎక్కించిన సూదులన్నీ అయిపోయేదాకా కుడుతుంది. మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక, ఆ కుట్లలో సగానికి సగం శ్రీనిధి విప్పి మళ్లీ కుడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, కలిపి కుడితే బొంత. పిల్లల కింద వేస్తారు, చలికి కప్పుకుంటారు, చిరిగితే కాళ్లు తుడుచుకుంటారు. యాభై ఏళ్ల కింద విద్యావతి దాన్ని తీసి గోడకు వేలాడదీసింది. వెలిసిన రంగుల చీరముక్కలతో, గింజంత గింజంత కుట్లతో, ఆ గోడ మీద రైలు పట్టాలు పరిచింది, మొజంజాహీ మార్కెట్ పండ్ల గంపలు పెట్టింది, వానకు తడిసిన కోఠి బస్టాండును నిలబెట్టింది. మొదటి ప్రదర్శన ఆబిడ్స్‌లో ఒక హోటల్ పై గదిలో పెడితే ఏడుగురు వచ్చారట. అందులో నలుగురు వాన తగ్గేదాకా ఆగినవాళ్లు. అయిదో మనిషి, ఇది సింగిల్ మంచానికా, డబుల్ మంచానికా అని అడిగాడట. తరవాత ఢిల్లీ వాళ్లు సన్మానం చేశారు, పత్రికలు రాశాయి, పరదేశాల నుంచి మనుషులు వచ్చి ఈ ఇరుకు సందులో కారు తిప్పలేక తిట్టుకున్నారు. విద్యావతి ఇప్పటికీ ఆ అయిదో మనిషినే తలచుకుంటుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్ద బొంత ఒక్కరి చేతి మీద అయ్యే పని కాదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడాలో విద్యావతి చెప్పి సుద్దతో గీత గీస్తే, చుట్టూ కూర్చుని నలుగురైదుగురు ఆడవాళ్లు కుట్టేవారు. బొంత పూర్తయిన రోజు, దాని మీద చెయ్యి పెట్టిన ప్రతి మనిషీ తను కట్టుకున్న చీర అంచులోంచి ఒక పోగు లాగి, బొంత వెనక, కింది ఎడమ మూలన ముడి వేసి వదిలేది. విద్యావతిది ఎప్పుడూ తెల్ల పోగు. ముప్పై ఏళ్లు కుట్టి కరోనా ఏడాదిలో పోయిన కోటేశ్వరమ్మది ఎరుపు. ఈ పద్ధతి పెట్టింది విద్యావతే. శ్రీనిధి వచ్చిన మొదటి వారంలోనే అప్పటికున్న పది బొంతలూ వెనక్కి తిప్పి, ముడి ముడినీ పట్టి చూపించి, ఒక్కొక్కరి పేరు చెప్పింది.

శ్రీనిధి దేవరకొండ దగ్గరి పల్లె నుంచి కోఠి కాలేజీలో డిగ్రీకి వచ్చి, ఈ ఇంటి వెనక గదిలో దిగి మూడేళ్లయింది. కిరాయి లేదు, బదులుగా సూదులు. సూదుల నుంచి కుట్లకు వచ్చింది. పన్నెండడుగుల 'పట్టాలు' బొంత ఈ మూడేళ్లూ ఆమె ఒళ్లోనే పెరిగింది. పోయిన నెల అది పూర్తయిన రోజు ముడి వేయడానికి ఆమెకు చీర లేదు. ఊరి బడిలో పదో తరగతి దాకా వేసుకున్న నీలం లంగా పెట్టె అడుగున ఉంటే, దాని అంచులోంచి పోగు లాగింది. విద్యావతి తన తెల్ల ముడి వేసేసి అప్పటికే నిద్రలో ఉంది. లేపలేదు.

ఆ ముడి సంగతి ఒక్క అమ్మకే చెప్పింది. ఆదివారం విద్యావతి బొంతల ప్రదర్శన మొదలు. ఈ పదకొండు బొంతలనూ నగరంలోని ఒక ట్రస్టు శాశ్వతంగా తన దగ్గర పెట్టుకుంటోంది, బొంతకొక గోడ చొప్పున. అమ్మ కూలి మానుకుని, పక్కింటి లక్ష్మమ్మనూ ఇంకొకరినీ వెంటబెట్టుకుని వస్తోంది. కూతురు పట్నంలో ఏం చేస్తోందో ఆ ముగ్గురికీ చూపించడానికి శ్రీనిధికి ఉన్నది ఆ నీలం పోగు ఒక్కటే.

ఇరవై మూడో సూది దగ్గర ఉండగా వాకిట్లో ఆటో ఆగింది.

వచ్చింది భవ్య, విద్యావతి మరిది కోడలు. తాతల నాడు గుడివాడ వైపు నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడినవాళ్ల అమ్మాయి. ప్రదర్శన పనులన్నీ ఆమే నెత్తిన వేసుకుంది. ఆటోవాడూ ఆమే కలిసి బొంతల మూటలు మోసుకొచ్చి మంచం మీద దించారు. పోయిన వారం శ్రీనిధి రెండు రోజులు ఊరికి వెళ్లి వచ్చేసరికి ట్రంకుపెట్టె ఖాళీగా ఉంది. ఫోటోలకు పోయినయి అంది విద్యావతి. అంతకు మించి శ్రీనిధి అడగలేదు.

"అత్తయ్యగారూ, చెయ్యి పెట్టి చూడండి ఎలా వచ్చాయో," అంది భవ్య, చెమట తుడుచుకుంటూ. "పదకొండింటికీ అంచులు పికో చేయించేశాను. ఆ వేలాడే పోగులన్నీ పోయాయి. ఇస్త్రీ కూడా అయింది."

శ్రీనిధి చేతిలో సూది అలాగే ఉంది. లేచి వెళ్లి పై బొంత వెనక్కి తిప్పింది. కింది ఎడమ మూల. చీర అంచుకు కొట్టినట్టే, సన్నటి మిషన్ కుట్టు మెరుస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు పోయింది. రెండోది తిప్పింది. మూడోది. అడుగున ఉన్న పట్టాల బొంతను లాగి, మోకాళ్ల మీద కూర్చుని మూల వెతికింది. ముడి ఉన్న చోట దారం కొస కూడా లేదు.

"భవ్యక్కా, ఈ మూలకు ముడులుండె గద."

"ఏ ముడులు? వెనక పిచ్చిపిచ్చిగా రంగు దారాలు వేలాడుతున్నాయే, అవా? అవి తీస్తేనే కదమ్మా నీట్‌గా ఉండేది. నలుగురూ చూసే చోట పెడుతున్నాం, మనింట్లో పక్క మీద వేసే దుప్పటి కాదుగా."

"పిచ్చి దారాలు గావు అవి."

"మరేంటి?"

శ్రీనిధి విద్యావతి వైపు చూసింది. చెప్పవలసిన మనిషి ఆమె. ఆమె బొటనవేలు పక్కనున్న బొంత మూల మీద అటూ ఇటూ రెండుసార్లు తిరిగింది. మసక కళ్లు కిటికీ వైపు ఉన్నాయి.

"చాయ్ పెట్టు నిధీ," అంది. "భవ్య తాగి పోతది."

వంటింట్లో పాలు పొంగి స్టౌ మీద పడ్డాయి. తుడుస్తుంటే చెయ్యి కాలింది. పెద్దమ్మకు తెలియలేదు, చూపు లేదు కదా, వేళ్లకు కూడా అందలేదేమో అనుకుంది శ్రీనిధి. తెలిస్తే ఊరుకునే మనిషా? కుట్టు వరస తప్పితేనే నాలుగిళ్లకు వినబడేలా అరుస్తుంది. చాయ్ ఇచ్చేటప్పుడు, పికో ఏ దుకాణంలో కొట్టించారని భవ్యను అడిగింది.

"జీపీవో వెనక సందులో అంజయ్య అని. మా చీరలన్నీ అక్కడే. ఎందుకు, నీకేమన్నా ఉందా?"

"ఔ, చిన్న పని."

స్టేషన్ రోడ్డు సగం తవ్వి పెట్టారు. ఆటోలు కాలిబాట మీదికి ఎక్కి వస్తున్నాయి. హారన్ల మధ్య నడిచి, ఆబిడ్స్ చేరి, ఆ సందు వెతికి పట్టుకునేసరికి అంజయ్య దుకాణం షట్టరు సగం దించి ఉంది. అన్నానికి పోయిండు, వస్తడు, అన్నాడు పక్కన మ్యాచింగ్ జాకెట్ల అతను. ఎప్పుడొస్తాడంటే, ఆకలి తీరినంక, అన్నాడు. శ్రీనిధి మెట్ల మీద కూర్చుంది. కత్తిరించిన ముక్కలు ఏ పూటకాపూట చెత్తబండికి పోతాయని అతనే చెప్పాడు, అడక్కుండానే.

అప్పుడు అమ్మ ఫోను చేసింది.

"ఆదివారం ఫస్టు బస్సుకే ఎక్కుతం బిడ్డా. లక్ష్మమ్మ ఒకటే అడుగుతున్నది. నీ ముడి ఎనక మూలకు అంటివి. గోడకు ఏలాడదీస్తే ఎనక ఎట్ల కనవడ్తదే?"

"నేను జర ఎత్తి చూపెడ్త."

"ఎత్తనిస్తరా ఆడ?"

"ఎందుకియ్యరు. నేను కుట్టిందే గద."

ఫోను పెట్టేశాక, ఆ మాట తను ఎంత తేలిగ్గా అన్నదో తలచుకుంటే శ్రీనిధికి ఒళ్లు మండింది.

గంటన్నరకు అంజయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి, మెడలో టేపు.

"చీర ఫాల్‌లు ఇయ్యాల గావు బిడ్డా. రేపు రా."

"ఫాల్ గాదు కాకా. మొన్న పదకొండు బొంతలు పికో కొట్టిన్రు గద..."

"ఆ బొంతలా?" షట్టరు పైకి నెట్టి లోపలికి వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. "మూడు సూదులు ఇరిగినయ్ నాయి. బొంతకు పికో ఏందమ్మా, పెండ్లి చీరనా అంటే ఇంటదా ఆ మేడం. నువ్వు కొట్టు అంజయ్యా, నువ్వు కొట్టు అంజయ్యా. కొట్టిన."

"ఎనక మూలకు ముడులుండె."

అంజయ్య మెడలో టేపు తీసి పక్కన పెట్టాడు. తరవాత మిషన్ సొరుగు లాగి, పసుపు రాసిన ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు.

"ఇవేనా? చెత్తల పడేయబుద్ధి గాలే. మొక్కుకొని కట్టిన ముడుపుల లెక్క ఉండె. ఎవరి మొక్కో ఏమో, ఆ పాపం నాకెందుకని పసుపు రాసి పెట్టిన. అందుకే గద ఫోన్ గూడ జేసిన."

"ఎవరికి?"

"మేడం చిట్టీ మీద రాసిచ్చిన నంబరుకు. ఇంటి ఫోను. ఎవరో పెద్దమ్మ ఎత్తింది. అమ్మా, మూలకు రంగురంగుల ముడులున్నయి, ఉంచాల్నా కొయ్యాల్నా అన్న. జర సేపు సప్పుడు లేదు. లైను కట్టయిందనుకున్న. మళ్ల అన్నది, కొయ్యి అని."

"కొయ్యి అన్నదా?"

"ఔ. తెల్లది గూడనా అన్న, అది అన్నిటికీ ఉన్నది గదా అని. అది ముందు కొయ్యి అన్నది."

శ్రీనిధి కవరు తీసుకుంది. అన్నీ కలిసిపోయి ఒక గుప్పెడు ఉన్నాయి. ఎరుపు, మామిడి పిందె రంగు, వెలిసిన గులాబీ, తెలుపు. నీలం ఒకటే. ఆమె వచ్చింది అంజయ్యతో పోట్లాడటానికి. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. ఇప్పుడు ఆ మాటలు అనడానికి ఈ దుకాణంలో మనిషి లేడు.

ఇంటికి వచ్చేసరికి భవ్య వెళ్లిపోయింది. విద్యావతి పట్టాల బొంతను ఒళ్లోకి లాక్కుని, మూల చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది.

"యాడికి పోయినవ్? పని ఉన్నది. ఈ మూలకు నా పేరు కుట్టాలె, తెల్ల దారంతోటి. పదకొండింటికీ. ట్రస్టోళ్లు శనివారం వచ్చి తీస్కపోతరు."

శ్రీనిధి కవరును మంచం మీద, ఆమె చేతికి తగిలేలా పెట్టింది. విద్యావతి వేళ్లు కవరును తడిమి, లోపలికి వెళ్లి, ఆగిపోయాయి.

"అంజయ్య పారేయలేదా?"

"లేదు. మీకు ఫోన్ చేసిన అన్నడు."

గోడ అవతల స్టేషన్‌లో ఏదో రైలు ఆలస్యంగా వస్తోందని మూడు భాషల్లో చెప్పారు. అది అయిపోయాక విద్యావతి కవరులోంచి చెయ్యి బయటికి తీసింది.

"కాగితం మీద సంతకం తీస్కున్నరు నాతోని," అంది. "ఇవన్నీ ఒక్క కళాకారిణి స్వహస్తాలతో చేసినవి అని. లేకుంటే ఆడ ఇంకో గది ఉన్నది. చాపలు, గంపలు, కుండలు. ఒకటే అట్టముక్క పెడ్తరు, పల్లె పనితనం అని. ఎవల పేరూ ఉండది."

"మీరు చెప్పొచ్చు గద, మీరు గీసిన్రు, మేము కుట్టినం అని."

"చెప్పలేదనుకున్నవా? ఏండ్ల కొద్ది చెప్పిన. చెప్పినప్పుడల్ల నన్ను తీస్కపోయి ఆ గదిలనే పెట్టిన్రు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల ఒకసారి దుకాణం పెట్టిన. ఇటు పక్క ఆవకాయ, అటు పక్క చీపుర్లు. అమ్మా, ఉతికితే రంగు పోతదా అని అడిగేటోళ్లు." ఆమె గొంతు పెరిగింది. "ముప్పై మంది కుట్టిన్రు అంటే అది బొంత, బిడ్డా. ఒక్కతి కుట్టింది అంటే కళ. ఈ లెక్క నేను పెట్టలేదు. దీనితోనే కొట్లాడి కొట్లాడి కండ్లు పోయినయ్. ఇప్పుడు గోడ ఇస్తమంటున్నరు. వద్దంటనా?"

పెద్దమ్మ అబద్ధం చెప్పడం లేదు, అదే కష్టంగా ఉంది. తను ఏమన్నా అంటే అది ఆ గోడను తీసెయ్యమన్నట్టే అవుతుంది. అనకపోతే ఆదివారం అమ్మ ముందు నిలబడి ఖాళీ మూల ఎత్తి చూపించాలి.

"మరి పద్ధతి ఎందుకు పెట్టిన్రు?" అంది చివరికి.

"అప్పుడు ఎవలు చూడొస్తరని." విద్యావతి చిరాగ్గా చెయ్యి విదిలించింది. "కోటేశ్వరమ్మ పాయె. తక్కినోళ్లు గూడ ఒక్కతి లేకపాయె. ఇప్పుడు వాళ్లకు ముడి ఉంటే ఏంది, లేకుంటే ఏంది? కూసో. సూదులున్నయి గద."

ఉన్నాయి. పొద్దున తను ఎక్కించినవే. శ్రీనిధి నేల మీద కూర్చుని, పట్టాల బొంత మూలను మోకాలి మీదికి లాక్కుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియలేదు. చెప్పిన పని చేయడం మూడేళ్లుగా చేతులకు అలవాటు. 'వి' కుట్టింది. పికో కుట్టు గట్టిగా ఉండి సూది దిగడం లేదు, వేలికి తొడుగు పెట్టుకుని తోయవలసి వచ్చింది. 'ద్యా' మొదలుపెట్టింది.

విద్యావతి ఊరుకోలేకపోయింది. కవరు ఒళ్లో గుమ్మరించుకుని, ఒక్కొక్క ముడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపడం మొదలుపెట్టింది. రంగు కనిపించదు. ముడి చాలు ఆమెకు.

"గిది కోటేశ్వరమ్మ. మూడు సార్లు తిప్పి గుంజుతది. మెత్తగ ఏస్తే ఆమెకు నిద్ర పట్టది." నవ్వింది. "ఇది మా ఆడిబిడ్డ. ముడి ఏస్తే ఎప్పుడూ రెండు తోకలు పొడుగు. ఇది పాలమూరు ముసలమ్మది, సిల్కు చీర మీద ఎంత పోజు కొట్టేదో. ఇది మళ్ల కోటేశ్వరమ్మ. ఇది నాది."

శ్రీనిధి సూది నెమ్మదించింది. ముడులు ఒళ్లో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు చేరుతున్నాయి. పేర్లు చెబుతుంటే పెద్దావిడ ముఖంలో పొద్దుటి విసుగు లేదు. గులాబీది అయింది. పిందె రంగువి రెండు అయ్యాయి. అప్పుడు నీలం పోగు ఆమె వేళ్ల మధ్యకు వచ్చింది.

విద్యావతి దాన్ని నలిపింది. తిప్పి నలిపింది. గోటితో గీరింది.

"గిదెవలది?"

శ్రీనిధి తల ఎత్తింది.

"ముతక నూలు. చీర పోగు గాదు. ముడి గూడ కొత్తగున్నది." పెద్దావిడ దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసింది. "యాదికొస్తలేదు. కోటేశ్వరమ్మ చెల్లెలు నెల రోజులు వచ్చింది, ఆమెదా? కాదు, ఆమె ఎడమ చెయ్యి. నిధీ, నీకన్న ఎరుకనా, ఎప్పుడన్న చెప్పిన్నా నీకు?"

ఆమె కళ్లు శ్రీనిధి ముఖం మీదే ఉన్నాయి, మధ్యలో ఏమీ కనిపించని కళ్లు. శ్రీనిధి ఆగింది. మూడేళ్ల కుట్లన్నీ ఆ ఒళ్లోనే ఉన్నాయి, పన్నెండడుగులు. ఇంకొక్క క్షణం తడిమితే తెలుస్తుందేమో అని ఆగింది.

"పోనీ," అంది విద్యావతి. నీలం ముడిని మంచం పట్టె మీద, మిగతావాటికి దూరంగా పెట్టింది. "ఎవలో పనికొచ్చినామె అయ్యుంటది. నువ్వు కానియ్యి, చీకటి పడ్తది."

శ్రీనిధి సూదిని 'ద్యా' చివర బట్టకే గుచ్చి వదిలింది. బొంత మూలను మోకాలి మీంచి దించి, మడత పడకుండా నేల మీద పరిచింది. వెనక గదిలోకి వెళ్లి పెట్టె తీసింది. నీలం లంగా పైనే ఉంది. దాన్ని, పుస్తకాలను, రెండు జతల బట్టలను కాలేజీ సంచిలో కుక్కి వచ్చింది. మంచం పట్టె దగ్గర ఒక్కసారి వంగి, తన ముడిని రెండు వేళ్లతో తీసుకుంది.

"ఏడు బొంతలకన్న ఈ రాత్రికి అయితయా?" అంటోంది విద్యావతి, ఇంకో ముడి నలుపుతూ. "నిధీ?"

శ్రీనిధి వాకిట్లో చెప్పులు వేసుకుని, గొళ్లెం తీసి, సందులోకి దిగి నడిచింది.